మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ల కోసం హోమ్ చూడబోయే ముందు

నేను సర్కారు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది నెల్లూరు వేదాయపాళెంలో. మా చిన్నమ్మకు డిమెన్షియా (మెదడు దెబ్బతిని మతి తప్పే జబ్బు) ముదిరి, ఇంట్లో పెట్టుకుని చూసుకోవడం ఎవరి వల్లా కాని పరిస్థితి వచ్చినప్పుడు నెల్లూరు, ఒంగోలు, చెన్నైల్లో హోమ్‌లు, అంటే పెద్దవాళ్లను ఉంచుకుని చూసుకునే చోట్లు, తిరిగి చూసింది నేనే. కొడుకు బెంగళూరులో, కూతురు అమెరికాలో ఉంటే ఊళ్లో మిగిలిన మనిషి మీదే పడుతుంది ఈ పని. ఆ తర్వాత తెలిసినవాళ్లు "అక్కా, ఒక్కసారి మాతో వచ్చి చూడు" అని పిలవడం, నేను వెళ్లడం మామూలైపోయింది. వెళ్లిన ప్రతిచోటా నేను చూసేది ఆయాలను. బిల్డింగ్, టైల్స్, గేటు దగ్గర పూలకుండీలు తర్వాత. మన మనిషికి స్నానం చేయించేది, అన్నం కలిపి నోట్లో పెట్టేది, రాత్రి రెండింటప్పుడు లేచి "మా ఇంటికి పోతా" అని ఏడిస్తే పక్కన కూర్చునేది ఆ ఆయానే.

ముందుగా ఒక మాట. హోమ్‌లో చేరుస్తున్నారంటే బంధువులు నాలుగు మాటలు అంటారు. అననివ్వండి. ఇది మీ ఒక్క ఇంటి కష్టం కాదు. అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, దేశం మొత్తం మీద సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక పెద్ద సర్వే అంచనా. మా చిన్నమ్మ కోడలు రెండేళ్ల పాటు రాత్రిళ్లు నిద్ర లేకుండా చూసింది. ఆమె నడుము పడిపోయాక కూడా "కోడలికి బరువైపోయింది" అన్నవాళ్లు ఒక్క రాత్రి వచ్చి పడుకోలేదు.

హోమ్ వెతికే ముందు జబ్బు ఏమిటో తేల్చుకోవాలి. మతిమరుపు అంతా డిమెన్షియా కాదు. థైరాయిడ్ తగ్గినా, బీ12 విటమిన్ తగ్గినా, డిప్రెషన్ ఉన్నా అచ్చం అలాగే కనిపిస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో తికమకపడి ఏదేదో మాట్లాడుతుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో ముందు చూడాలి. న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించండి. నెల్లూరులో, ఒంగోలులో ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంది. డాక్టర్ రాసిన కాగితం చేతిలో ఉంటే హోమ్ వాళ్లతో మాట్లాడటమూ సులువవుతుంది.

మన నెల్లూరు, ఒంగోలు జిల్లాల్లో ఉన్నవి ఎక్కువగా మామూలు వృద్ధాశ్రమాలు. తన పనులు తాను చేసుకోగలిగినవాళ్లనే చేర్చుకుంటామని అక్కడ మొదటే చెప్తారు. డిమెన్షియా ఉన్నవాళ్ల కోసమే పెట్టిన హోమ్‌లు కావాలంటే చాలావరకు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ పోవాల్సిందే. కొందరు సీటు పోతుందని జబ్బు దాచి చేరుస్తారు. దయచేసి అలా చేయకండి. పదిహేను రోజులు తిరక్కముందే "మీ అమ్మగారిని తీసుకెళ్లండి" అని ఫోన్ వస్తుంది. కొత్త చోటుకు అలవాటు పడుతున్న మనిషిని మళ్లీ కదిలిస్తే జబ్బు ఇంకో మెట్టు దిగజారుతుంది. రాత్రిళ్లు లేస్తుంది, గేటు దాటి వెళ్లిపోతుంది, బట్టల్లోనే పోసుకుంటుంది, ఒక్కోసారి కొడుతుంది అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ మాటలు విన్నాక కూడా చేర్చుకుంటామన్నవాళ్లను నమ్మొచ్చు.

ఇంటి దగ్గరే ఒక కాగితం రాసుకోండి. మా చిన్నమ్మ గురించి నేను రాసింది ఇలా ఉంది: తెల్లవారుజామున నాలుగింటికే లేస్తుంది. మొహం కడుక్కోగానే కాఫీ పడాలి, లేకపోతే ఏదీ సాగదు. ఎడమ చెవి వినపడదు, కుడివైపు నుంచి మాట్లాడాలి. "అమ్మా" అంటే పలకదు, "టీచరమ్మా" అంటే పలుకుతుంది. మగవాళ్లు ఒంటి మీద చెయ్యి వేస్తే భయపడి కొడుతుంది. నైటీ వేసుకోదు, చీరే కట్టాలి. ఈ కాగితం హోమ్ మేనేజర్ చేతిలో పెట్టి ఆయన ఏం చేస్తాడో చూడండి. చదివి, ఆయాను పిలిచి, "ఈ టీచరమ్మకు స్నానం ఎవరు చేయించగలరు?" అని మాట్లాడితే మంచి గుర్తు. చదవకుండా ఫైల్లో పెట్టి అడ్వాన్స్ సంగతి ఎత్తితే అక్కడితో లేచి రావచ్చు.

చూడటానికి ఒక్కసారి వెళ్తే చాలదు. మొదటిసారి ఫోన్ చేసి వెళ్లండి. రెండోసారి చెప్పకుండా సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్యలో వెళ్లండి. పొద్దు గూకే వేళ డిమెన్షియా ఉన్నవాళ్లకు అలజడి పెరుగుతుంది. ఇల్లు గుర్తొస్తుంది, పిల్లలు బడి నుంచి రాలేదని వెతుకుతారు, పనికి టైమైందని బయల్దేరతారు. సరిగ్గా అదే వేళకు పగటి డ్యూటీవాళ్లు దిగిపోయి రాత్రివాళ్లు రావాలి. హోమ్ అసలు స్వరూపం బయటపడేది ఆ గంటలోనే.

ఒంగోలు వైపు ఒక చిన్న హోమ్‌లో ఆ వేళకే వెళ్లాను. గోడలకు సున్నం వేసి చాన్నాళ్లయినట్టుంది. ఒకప్పుడు ఆర్టీసీ కండక్టరుగా చేసిన పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ "డ్యూటీకి లేటయింది, తలుపు తియ్" అని గొడవ పడుతున్నాడు. ఆయా ఆయన్ని లాగలేదు, నీకిప్పుడు ఉద్యోగం ఎక్కడిదని కసరలేదు. ఎదురుగా బల్ల మీద కూర్చుని "సార్, కావలికి ఒక టికెట్ ఇవ్వండి" అంది. ఆయన ఆగి, చిల్లర ఉందా అని అడిగాడు. "ఉంది సార్, బస్సు కదిలేలోపు టీ తాగుదాం" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆమెకు ఈ పద్ధతి ఎవరో నేర్పారు, లేదా ఆమెకే తెలుసు. ఏదైనా సరే, నేను ఆ హోమ్ పేరు ఇద్దరు ముగ్గురికి ధైర్యంగా చెప్పాను.

ఇంకోచోట, చూడటానికి హోటల్లా ఉన్న హోమ్‌లో, హాల్లో టీవీ పెద్ద సౌండుతో పెట్టి ఎనిమిది మంది ఆడవాళ్లను కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టారు. ఇద్దరికి నడుము చుట్టూ చున్నీ తిప్పి కుర్చీకి ముడి వేశారు. "పడిపోతారని కట్టామండీ" అన్నారు. కట్టేసినవాళ్లు లేవాలని పెనుగులాడి కుర్చీతో సహా పడతారు. రోజంతా కదలకపోతే కాళ్లలో బలం పోయి అసలు లేవలేని స్థితి వస్తుంది. అందుకే ప్రతిచోటా ఈ ప్రశ్న అడగండి: "మా అమ్మ గొడవ చేస్తే మీరేం చేస్తారు?" జవాబులో ముందుగా మనిషి రావాలి. మాట్లాడతాం, బయట నడిపిస్తాం, ఎక్కడైనా నొప్పి ఉందా, విరేచనం అయిందా లేదా చూస్తాం అనాలి. ఎత్తుకోవడమే "ఇంజెక్షన్ ఇస్తాం, పడుకుంటారు" అంటే వద్దు. మతి తప్పిన వృద్ధులకు వాడే కొన్ని మానసిక వ్యాధుల మందుల వల్ల మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. అవి ఎప్పుడూ వాడకూడదని కాదు. డాక్టర్ రాసివ్వాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, ఎన్నాళ్లు వాడి ఎప్పుడు ఆపి చూడాలో కాగితం మీద ఉండాలి.

గది చూసేటప్పుడు నర్సు కళ్లతో నేను చూసేవి చెప్తాను. చేతి గోళ్లు, పెదాలు, కళ్లజోడు. గోళ్లలో మట్టి, పెదాలు ఎండి పగుళ్లు, కళ్లజోడు అద్దాలకు జిడ్డు ఉంటే దగ్గర కూర్చుని పట్టించుకునేవాళ్లు లేరన్నమాట. ఈ జబ్బులో దాహం వేసిన సంగతి కూడా మనిషికి తెలియకపోవచ్చు. అడిగినప్పుడు ఇస్తామంటే చాలదు, గంట గంటకీ గ్లాసు చేతిలో పెట్టి తాగించాలి. రోహిణి కార్తెలో మన ఒంగోలు, నెల్లూరు ఎండలకు ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. మంచం పట్టినవాళ్లుంటే "ఇప్పుడు బెడ్‌సోర్లు (కదలకుండా పడుకోవడం వల్ల పడే పుండ్లు) ఎంతమందికి ఉన్నాయి? వచ్చేటప్పటికే ఉన్నాయా, ఇక్కడే వచ్చాయా?" అని సూటిగా అడగండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నామని అంటే చార్ట్ చూపించమనండి. వారం రోజుల గళ్లన్నీ ఒకే పెన్నుతో, ఒకే రాతతో నిండి ఉంటే అది కూర్చుని ఒక్కసారే నింపిన చార్ట్. మూత్రం వాసన ఎప్పుడో ఒకసారి ఎక్కడైనా వస్తుంది. ఊపిరాడనంత ఫినాయిల్ వాసన వస్తేనే నాకు అనుమానం.

బాత్రూం గడియ బయట నుంచి కూడా తీయగలిగేలా ఉండాలి. కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి, అది ఊగుతుందేమో మీరే పట్టుకుని చూడండి. గీజర్ నీళ్లు ఎంత వేడిగా వస్తున్నాయో చూడండి.

రాత్రి సంగతి తేల్చుకోకుండా ఎక్కడా సంతకం పెట్టొద్దు. రాత్రి ఎంతమంది ఉంటారు, వాళ్లు మేలుకుని ఉంటారా, పడుకుని పిలిస్తే లేస్తారా? నర్సు ఉంటుందా, ఫోన్‌లో దొరుకుతుందా? గేటు తాళం ఎవరి దగ్గర? గేటు తాళం వేయాల్సిందే, లేకపోతే మనిషి రోడ్డెక్కిపోతుంది. కానీ నిప్పంటుకుంటే తలుపులు ఎవరు, ఎంతసేపట్లో తెరుస్తారో కూడా చెప్పాలి. తిరిగే అలవాటున్నవాళ్లకు లోపలే నడవడానికి వరండానో పెరడో కావాలి.

వానల సంగతి మన జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటప్పుడు జనరేటర్ ఎన్ని గంటలు నడుస్తుంది, మందులు, డైపర్లు ఎన్నాళ్లకు సరిపడా పెట్టుకుంటారు, వీధిలో నీళ్లు నిలిస్తే ఆసుపత్రికి ఏ దారిన తీసుకెళ్తారు అని అడగండి. పై అంతస్తులో లిఫ్టు మీద ఆధారపడిన గది ఇస్తామంటే నేను ఒప్పుకోను.

చెన్నై హోమ్‌ల గురించి చాలామంది అడుగుతారు. రైల్లో మూడు గంటల దూరం, పెద్ద ఆసుపత్రులు, పిల్లలకు ఎయిర్‌పోర్టు దగ్గర. అన్నీ నిజమే. కానీ ఆయా తెలుగు మాట్లాడుతుందా అన్నది నాకు పెద్ద ప్రశ్న. డిమెన్షియా ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోయి చిన్నప్పటి భాషే మిగలడం చాలామందిలో చూస్తాం. నెల్లూరులో ఇన్నేళ్లు తమిళం మాట్లాడిన మా చిన్నమ్మకు చివరికి అర్థమైంది తెలుగే. "ఒంటికి" అంటే బాత్రూం అని తెలియని ఆయా దగ్గర ఆమె చీర తడుపుకోవాల్సి వచ్చేది. వారానికోసారి మీలో ఎవరు రాగలరో చూసి, ఆ మనిషికి దగ్గరగా ఉన్న హోమ్ ఎంచుకోమనే చెప్తాను, అది కాస్త తక్కువ సదుపాయాలున్నదైనా.

తిండి విషయంలో, కొన్ని హోమ్‌లలో మాంసం, చేపలు వండరు. జన్మంతా చేపల పులుసు తిన్న మనిషికి అది కష్టమే. ఇంటి నుంచి తెస్తే పెడతారా అడగండి. పెట్టేచోట ముళ్లు ఎవరు తీస్తారో అడగండి. మింగడం తెలియక పొరబోయినప్పుడు అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. భోజనం వేళకు వెళ్లి, మనిషిని నిటారుగా కూర్చోబెట్టి నిదానంగా తినిపిస్తున్నారా, పడుకోబెట్టి కుక్కుతున్నారా చూడండి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. నెలకింత అని చెప్పిన మొత్తంలో డైపర్లు, మందులు, డాక్టర్ ఫీజు, ఆసుపత్రిలో చేరితే పక్కన ఉండే మనిషి జీతం, అంబులెన్స్ కలిసి ఉన్నాయో లేదో రాయించుకోండి. అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారు, జబ్బు ముదిరితే చార్జీ పెంచుతారా, ఖాళీ చేయమంటే ఎన్ని రోజుల ముందు చెప్తారు, ప్రాణం పోతే పిల్లలు వచ్చేదాకా ఏం చేస్తారు అన్నవి కూడా ఒప్పందంలో ఉండాలి. చివరిది నోరు తెరిచి అడగడం బాధగానే ఉంటుంది, అయినా అడగండి. పెన్షన్ ఉంటే, మనిషి బతికే ఉన్నట్టు ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఎవరు చేయిస్తారో తేల్చుకోండి. వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు ఫోన్‌లో మొహం చూపించి చేసే పద్ధతి ఉంది. 70 దాటినవాళ్లకు ఆసుపత్రి ఖర్చుల కోసం 2024లో వచ్చిన ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకుని, నకలు హోమ్‌లో పెట్టండి.

పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున పనులు చేయమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) ఉందిగా అని నిశ్చింతగా ఉండొద్దు. రాసిచ్చిన మనిషికి మతి తప్పాక కాంట్రాక్టు చట్టం సెక్షన్ 201 ప్రకారం అది చెల్లదు. తర్వాత గార్డియన్ కోసం హైకోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు. జబ్బు తొలి దశలో, ఆ మనిషికి ఇంకా తెలివిడి ఉండగానే, ఆమె ఇష్టం కనుక్కుని బ్యాంకు, వీలునామా పనులు పూర్తిచేయండి. ఇల్లు మా పేర రాస్తే జీవితాంతం చూస్తాం అనే హోమ్ గడప తొక్కొద్దు.

చేర్చాక మొదటి నెల కష్టంగా గడుస్తుంది. మనిషి ఏడుస్తుంది, మిమ్మల్ని చూడగానే పోదాం పదమంటుంది. అది చూసి రావడం మానేయకండి. ఒక్కోసారి ఒక్కో వేళకు వెళ్లండి, స్నానం వేళకు, భోజనం వేళకు, చీకటి పడే వేళకు. ఆయా పేరు, ఆమె పిల్లల సంగతి తెలుసుకోండి. ఆమెకు జీతం సరిగ్గా అందుతోందా అని కూడా కనుక్కోండి, ఆయాలు నెలనెలా మారిపోయే చోట మన మనిషి అలవాట్లు ఎవరికీ గుర్తుండవు. వెళ్లినప్పుడల్లా మడమలు, నడుము కింద చర్మం చూడండి. నెలకోసారి బరువు తూయించి రాసుకోండి. బరువు తగ్గుతూ పోతున్నా, ఒంటి మీద కమిలిన గుర్తులున్నా, ఎప్పుడు వెళ్లినా మత్తుగా పడుకునే ఉన్నా ముందు మేనేజర్ని, డాక్టర్‌ని అడగండి. సరైన జవాబు రాకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది లోపు ఫోన్ చేయండి. చూసుకుంటున్న మీకే నిద్ర పట్టక, ఏడుపు ఆగకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.