డీఎన్ఏ లెక్కలు, 6వ పాఠం: కలిపేసిన పట్టిక, థీటా సవరణ

గత పాఠం అభ్యాసంలో టీహెచ్01 (డీఎన్ఏలో ఒక చోటు, అంటే లోకస్) దగ్గర 9.3 అల్లీల్ (ఆ చోట కనిపించే రూపాల్లో ఒకటి) పౌనఃపున్యం, అంటే మొత్తంలో దాని వంతు, కట్టమంటే చాలామందికి 0.4 వచ్చింది. అందరూ జారిన చోటు ఒకటే కాబట్టి ముందు అది చూద్దాం. ఇచ్చింది 120 మంది పట్టిక. 9.3 అల్లీల్ రెండు వైపులా ఉన్నవాళ్లు 8 మంది, ఒకవైపే ఉన్నవాళ్లు 40 మంది. మీరు 48ని 120తో భాగించారు. మనిషికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కదా, కింద ఉండాల్సింది 240. పైన ఆ 8 మందికి రెండేసి చొప్పున 16, మిగతావాళ్లవి 40, మొత్తం 56. పౌనఃపున్యం 0.233. మీ జవాబు దాదాపు 1.7 రెట్లు అయిందన్నమాట.

ఇంకొందరు 9.3ని 9లో కలిపేశారు. అది దశాంశం కాదండీ. టీహెచ్01లో నాలుగు బేస్‌ల ముక్క వరసగా తిరిగి తిరిగి వస్తుంది. నిండు ముక్కలు 9, పైన 3 బేస్‌లు ఉంటే దాన్ని 9.3 అని రాస్తాం. అంటే 39 బేస్‌లు. 9కి 36, 10కి 40. గ్రాఫ్‌లో 9.3, 10 శిఖరాల మధ్య ఎడం ఒక్క బేసే, పక్కపక్కనే ఆనుకున్నట్టు కనబడతాయి. స్ప్రెడ్‌షీట్‌లో అల్లీల్ పేర్ల నిలువు వరసను అంకెలు ఎక్కించక ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. ఇది చిన్న విషయం కాదు. ఐరోపా సంతతివాళ్లలో టీహెచ్01లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది 9.3యే, పదింట మూడు వంతుల దాకా. తూర్పు ఆసియాలో పదో వంతు కూడా ఉండదు.

ఇక నేటి పాఠం. సమయుగ్మజానికి (రెండు వైపులా ఒకే అల్లీల్) ప², విషమయుగ్మజానికి (రెండు వేర్వేరు అల్లీల్స్) 2 × ప × బ అని మీకు వచ్చు; ప, బ అంటే ఆ అల్లీల్స్ పౌనఃపున్యాలు. రెండు సమూహాల పట్టికల్ని కలిపేసి ఆ సూత్రం వేస్తే ఏమవుతుందో చూడండి.

మొదటి సమూహంలో ఒక అల్లీల్ 0.1, రెండోదాంట్లో 0.5. జనాభాలు సమానం. కలిపితే సగటు 0.3, వర్గం 0.09. నిజంగా ఉన్న సమయుగ్మజాలు ఎన్ని? మొదటిదాంట్లో 0.01, రెండోదాంట్లో 0.25, సగటున 0.13. వందలో 13 మందికి ఉన్న రకాన్ని తొమ్మిది మందికే ఉందని కోర్టుకు చెబుతున్నాం. ఒక్కో లోకస్‌లో ఇంతే తేడా అనుకున్నా పది లోకస్‌లు గుణించేసరికి దాదాపు 40 రెట్లు. ఆ భారమంతా నిందితుడి నెత్తిన పడుతుంది. విషమయుగ్మజాల్లో, అల్లీల్స్ రెండే ఉంటే, తప్పు అటు తిరుగుతుంది: కలిపితే 0.42, నిజానికి 0.34. అటూ ఇటూ సర్దుకుంటుందిలే అని వదిలేయకండి, ఏ ప్రొఫైల్‌లో (ఒకరి లోకస్‌లన్నిటి అల్లీల్స్ జాబితాలో) ఏవి ఎక్కువుంటాయో మన చేతిలో లేదు. లెక్క కంటికి ఆనాలని పెద్ద అంకెలు వేశాను, ఎస్‌టీఆర్ (టీహెచ్01లా చిన్న ముక్క తిరిగి తిరిగి వచ్చే చోట్లు) పట్టికల్లో సమూహాల మధ్య దూరం మామూలుగా ఇంత ఉండదు.

మన దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం. తరతరాలుగా కులం లోపలే పెళ్లిళ్లు, వాటిలో మళ్లీ మేనరికాలు. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో కండరాలు వదులు కావడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం ఎంతసేపటికీ దిగదు. కారణం బీసీహెచ్‌ఈ జన్యువులో తరాలుగా వస్తున్న ఒక మార్పు. అది ఎస్‌టీఆర్ కాదు, కానీ సమూహం తలుపులు మూసుకుంటే అల్లీల్స్ ఎలా పోగుపడతాయో అక్కడ కనబడుతుంది.

అలాగని నిందితుడి కులం అడిగి ఆ పట్టిక ఒక్కటే తీయడం కూడా తప్పే. నిందితుడు కాకపోతే నేరం జరిగిన చోట దొరికిన మరక ఎవరిది అయి ఉండొచ్చన్నదే అసలు ప్రశ్న. ఆ ఊళ్లో, ఆ దారిలో తిరిగేవాళ్లందరూ అందులోకి వస్తారు. అందుకే వర్తించే పట్టికలన్నిటితో లెక్క కట్టి, నిందితుడికి ఎక్కువ అనుకూలమైన జవాబు రాయండి.

సమూహం లోపలి దగ్గరితనాన్ని థీటాతో సరిచేస్తాం (కింద థ):

సమయుగ్మజం: [2థ + (1−థ)ప] × [3థ + (1−థ)ప] ÷ [(1+థ)(1+2థ)]

విషమయుగ్మజం: 2 × [థ + (1−థ)ప] × [థ + (1−థ)బ] ÷ [(1+థ)(1+2థ)]

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1996 నివేదిక సాధారణ జనాభాకు 0.01, చిన్న ఒంటరి సమూహాలకు 0.03 సూచించింది. మన సమూహాలకు నేను 0.03 తోనే మొదలుపెడతాను. ప = 0.1 అయితే పైన 0.157 × 0.187, కింద 1.0918, జవాబు 0.0269. నూటికి ఒకరు అనుకున్నది 37 మందిలో ఒకరైంది. అరుదైన అల్లీల్స్ దగ్గర తేడా ఇంకా పెరుగుతుంది.

థీటా అన్నదమ్ముల్ని కవర్ చెయ్యదు. వాళ్లకు వేరే సూత్రం, వచ్చే పాఠంలో.

అభ్యాసం: 150 మంది పట్టికలో ఒక అల్లీల్ ఒక్కసారే కనిపించింది. కనీస పౌనఃపున్యం (ఇంతకంటే తక్కువ వేయం) 5 ÷ 300గా తీసుకోండి. ఆ అల్లీల్‌కి సమయుగ్మజమైన లోకస్ ఒకటి, 0.1, 0.2 అల్లీల్స్ ఉన్న విషమయుగ్మజ లోకస్‌లు రెండు. థీటా 0, 0.01, 0.03 పెట్టి మూడు లోకస్‌ల లబ్ధం మూడుసార్లు కట్టండి. తర్వాత కనీస పౌనఃపున్యం వదిలేసి 1 ÷ 300తో మళ్లీ మూడుసార్లు. ఆరు జవాబులూ పక్కపక్కన రాసి, థీటా 0 దగ్గర తేడా ఎన్ని రెట్లో, 0.03 దగ్గర ఎన్ని రెట్లో పోల్చండి. మధ్యలో ఎక్కడా సవరించి గుండ్రం చెయ్యకండి.