అమెరికా ఎయిర్‌లైన్‌లో చేరుతున్న తెలుగు పైలట్లకు: యూనియన్‌తో, కంపెనీతో ఎలా మెలగాలి

క్లాస్ డేట్, అంటే ట్రైనింగ్ మొదలయ్యే తేదీ, రాగానే మన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది సిమ్యులేటర్ గురించి, ఓరల్ పరీక్ష గురించి. వాటిని ట్రైనింగ్ వాళ్లు దగ్గరుండి నేర్పిస్తారు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పనిది వేరే ఉంది. కంపెనీ యాజమాన్యానికీ పైలట్ల యూనియన్‌కీ మధ్య కొత్తగా వచ్చిన మనిషి ఎక్కడ నిలబడాలి, ఎవరికి ఏం చెప్పాలి, ఎవరిని ఏం అడగకూడదు అన్నది. అది తెలియక మంచి పైలట్లు ఇబ్బంది పడటం చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఒక్క సంగతి అర్థమైతే మిగతావన్నీ తేలికవుతాయి. ఇక్కడ ఉద్యోగం నడిచేది యూనియన్, కంపెనీ కలిసి రాసుకున్న కాంట్రాక్టు మీద. యాజమాన్యం తరఫున పైలట్లను చూసుకునే చీఫ్ పైలట్ ఎంత మంచివాడైనా ఆ పుస్తకం దాటి మీకేమీ ఇవ్వలేడు. ఎంత కోపిష్టి అయినా అందులో ఉన్నది తీసేయలేడు.

ముందు భయం పోవాలి

ఇండియాలో ఎయిర్‌లైన్‌లో చేసి వచ్చినవాళ్లు యూనియన్ అనగానే కాస్త జంకుతారు. అందుకు కారణాలున్నాయి. 2009లో సంఘం పెట్టినందుకే ఇద్దరిని తీసేశారంటూ జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టారు, వందల విమానాలు రద్దయ్యాయి. 2012లో ఎయిర్ ఇండియాలో ఇండియన్ పైలట్స్ గిల్డ్ సమ్మె దాదాపు రెండు నెలలు సాగింది. యాజమాన్యం ఆ సంఘం గుర్తింపు రద్దు చేసింది, చాలామందిని ఉద్యోగంలోంచి తొలగించింది. ఇవి చూసినవాళ్లకు యూనియన్ బ్యాడ్జి పెట్టుకోవడమంటే యాజమాన్యం కళ్లల్లో పడటమే అనిపిస్తుంది.

ఇక్కడ పరిస్థితి వేరు. పెద్ద ఎయిర్‌లైన్స్ అన్నింటిలో, రీజినల్స్ అనే చిన్న ప్రాంతీయ ఎయిర్‌లైన్స్‌లో చాలా వాటిలో యూనియన్ అనేది ఉద్యోగంలో భాగం. డెల్టా, యునైటెడ్, ఫెడెక్స్, జెట్‌బ్లూ, రీజినల్స్‌లో ఎండెవర్, పీఎస్ఏ, ఎన్వాయ్ పైలట్లది ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్. 1931లో పుట్టిన సంఘం, అందరూ ఆల్పా అంటారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 1963లో అందులోంచి విడిపోయి అలైడ్ పైలట్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. సౌత్‌వెస్ట్ వాళ్లకు స్వాపా, రిపబ్లిక్ వాళ్లకు టీమ్‌స్టర్స్. స్కైవెస్ట్‌లో మాత్రం చాలా ఏళ్లుగా బయటి యూనియన్ లేకుండా లోపలి సంఘమే నడిచింది. మీరు చేరేది ఎక్కడో చూసుకుని, అక్కడి కాంట్రాక్టు కాపీ ఫోన్‌లో పెట్టుకోండి.

ఇండాక్ అనే మొదటి పరిచయ క్లాసుల్లో ఒకరోజు యూనియన్ వాళ్లు వచ్చి భోజనానికి పిలుస్తారు. చదువుకోవాలనో, కంపెనీ ఏమనుకుంటుందోననో మనవాళ్లు కొందరు ఎగ్గొడతారు. తప్పకుండా వెళ్లండి. కంపెనీకి తెలిసే, వాళ్ల అనుమతితోనే ఆ భోజనం జరుగుతుంది. మీ బేస్‌లో, అంటే మీ డ్యూటీ మొదలయ్యే ఊళ్లో, యూనియన్ ప్రతినిధి (రెప్) ఎవరో తెలుసుకుని, ఆ నంబర్ ఆరోజే సేవ్ చేసుకోండి.

డ్యూస్, అంటే యూనియన్ చందా సంగతి కూడా చెప్పాలి. ఆల్పాలో అవి సంపాదనలో 2 శాతం లోపే ఉంటాయి. టెక్సస్‌లోనో ఫ్లోరిడాలోనో ఉన్న మనవాళ్లు, ఇది రైట్ టు వర్క్ (యూనియన్ చందా తప్పనిసరి చేయకూడదనే చట్టం ఉన్న) రాష్ట్రం కాబట్టి కట్టక్కర్లేదని ఒకరికొకరు చెప్పుకుంటారు. అది పొరపాటు. ఎయిర్‌లైన్ ఉద్యోగులకు వర్తించేది కేంద్ర చట్టం. 1951 సవరణ ప్రకారం యూనియన్, కంపెనీ ఒప్పుకుంటే ఏ రాష్ట్రంలోనైనా డ్యూస్ తప్పనిసరి చేయవచ్చు. సభ్యులుగా చేరకపోయినా ప్రాతినిధ్య ఖర్చు కట్టాల్సి వస్తుంది. కట్టకపోతే ఉద్యోగానికే ముప్పు.

సమ్మె ఎప్పుడంటే అప్పుడు ఉండదు

ఆ చట్టం పేరు రైల్వే లేబర్ యాక్ట్. 1926లో రైళ్ల కోసం తెచ్చారు, 1936లో విమానాలకూ వర్తింపజేశారు. దీని కింద కాంట్రాక్టు గడువు తీరి చచ్చిపోదు, మార్పుకు సిద్ధమవుతుంది అంతే. కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. చర్చలు తెగకపోతే నేషనల్ మీడియేషన్ బోర్డు మధ్యవర్తిత్వం చేస్తుంది. ఇక లాభం లేదని ఆ బోర్డు వదిలేశాక కూడా 30 రోజులు ఆగాలి. అప్పుడు కూడా అధ్యక్షుడు అత్యవసర బోర్డు వేసి ఆపవచ్చు. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె మొదలుపెట్టిన నిమిషాల్లోనే క్లింటన్ అలా ఆపించారు.

అందువల్ల మీరు చేరిన రోజు టెర్మినల్ బయట యూనిఫాంలో ప్లకార్డులు పట్టుకున్న పైలట్లు కనిపిస్తే కంగారు పడకండి. వాళ్లు సెలవు రోజున వచ్చి చట్టబద్ధంగా తమ మాట వినిపిస్తున్నారు. రేపు జీతం ఆగిపోతుందని దానర్థం కాదు. సమ్మెలు అసలు జరగవనీ కాదు. 2001లో కామెయిర్ పైలట్ల సమ్మె 89 రోజులు నడిచింది. చర్చలు మీడియేషన్ దాకా వెళ్లాయంటే కొన్ని నెలల ఖర్చు పక్కన పెట్టుకోవడం, ఆ సమయంలో ఇల్లు కొనకుండా ఉండటం మంచిది.

ఇక్కడే ఒక గట్టి హెచ్చరిక. చర్చలు వేడెక్కినప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు ఈ వారాంతం అందరం సిక్ కొడదామని పెడతారు. దానికి బొటనవేలు గుర్తు కూడా పెట్టకండి. 1999లో రీనో ఎయిర్ కొనుగోలు గొడవలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు పెద్ద సంఖ్యలో సిక్ పెట్టారు. కోర్టు ఆపమన్నా ఆగలేదని యూనియన్ మీద 4 కోట్ల 55 లక్షల డాలర్ల భారం వేసింది. చర్చల కాలంలో కావాలని పని నెమ్మది చేయడం, కూడబలుక్కుని సిక్ పెట్టడం చట్టవిరుద్ధం. నిజంగా ఒంట్లో బాగాలేకపోతే మాత్రం సిక్ పెట్టాల్సిందే, అందులో వెనకడుగు వద్దు.

సీనియారిటీ, సిఫార్సు

మనవాళ్లకు అన్నిటికంటే కష్టంగా ఉండేది ఇదే. మన దగ్గర పని కావాలంటే తెలిసినవాళ్లను పట్టుకుంటాం. బేస్ మార్పు, లీవు, మంచి రోస్టర్, ఏది కావాలన్నా పైవాళ్లకు ఒక మాట చెప్పించడం అలవాటు. ఇక్కడ క్లాసులో మొదటి రోజుల్లోనే మీకొక సీనియారిటీ నంబర్ ఇస్తారు. ఒకే క్లాసువాళ్ల మధ్య వరసను చాలా కంపెనీలు వయసును బట్టో, సోషల్ సెక్యూరిటీ నంబర్ చివరి అంకెలను బట్టో తేలుస్తాయి. అక్కడినుంచి బేస్, విమానం, నెలవారీ లైన్ (ఆ నెల ట్రిప్‌ల పట్టిక), రిజర్వ్ (ఎప్పుడు పిలిచినా వెళ్లేలా సిద్ధంగా ఉండే డ్యూటీ), సెలవులు, కెప్టెన్ అప్‌గ్రేడ్ అన్నీ ఆ నంబర్ వరసలోనే. కంపెనీ కష్టాల్లో పడి ఫర్లో చేస్తే, అంటే తాత్కాలికంగా ఇంటికి పంపిస్తే, చివరి నంబర్ల నుంచి పంపుతారు, పిలిచేటప్పుడు ముందున్నవాళ్లను ముందు పిలుస్తారు.

ఆ నంబర్ కంపెనీ మారితే వెంట రాదు. ఇండియాలో పదేళ్లు కమాండర్‌గా చేసినవారైనా కొత్త కంపెనీలో చివరి నంబరే. ఇది మనసుకు కష్టంగానే ఉంటుంది, కానీ ఏ ఎయిర్‌లైన్‌లో చేరాలన్న నిర్ణయం ముందే బాగా ఆలోచించి తీసుకోవాల్సింది ఇందుకే. మీ పక్కన కూర్చున్న కెప్టెన్ వయసులో మీకంటే చిన్నవాడు కావచ్చు. ఆయన కూడా క్యూలో నిలబడే అక్కడికి వచ్చాడు.

చీఫ్ పైలట్ మంచి మనిషై, బిడ్‌తో (సీనియారిటీ వరసలో తేలే కోరిక దరఖాస్తుతో) పని లేకుండా నిన్ను డాలస్ బేస్‌కి మార్చేస్తాలే అన్నాడనుకోండి. మీకు సాయంగా కనిపిస్తుంది. కానీ ఆ సీటు కోసం మీకంటే ముందు బిడ్ పెట్టిన పైలట్ ఒకరున్నారు. వాళ్ల పిల్లలు కూడా డాలస్‌లోనే ఉండి ఉండవచ్చు. కాంట్రాక్టును పక్కన పెట్టి యాజమాన్యం ఒక్కొక్కరితో విడిగా బేరం కుదుర్చుకోవడాన్ని ఇక్కడ డైరెక్ట్ డీలింగ్ అంటారు. అది చట్టం ఒప్పుకోదు. అలాంటి సాయం తీసుకున్న కొత్తవాళ్ల పేరు క్రూ రూమ్‌లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. సర్, కొంచెం చూడండి అని అడిగే అలవాటు మానుకోవడానికి నాకు తెలిసిన బలమైన కారణం ఇదే. ఇవాళ మీకోసం వంచిన నియమాన్ని రేపు ఇంకొకరి కోసం మీ మీదకే వంచగలరు.

నిజమైన కష్టం వస్తే దారులున్నాయి. ఇండియాలో తల్లిదండ్రులకు సీరియస్ అయితే అత్యవసర సెలవుకు కాంట్రాక్టులో ఏ క్లాజు ఉందో రెప్‌ని అడగండి. ఆ క్లాజు ప్రకారం చీఫ్ పైలట్ దగ్గరికి వెళ్లడం సిఫార్సు కాదు, మీ హక్కు.

ప్రొబేషన్ సంవత్సరం

సాధారణంగా మొదటి 12 నెలలు ప్రొబేషన్. ఎప్పటినుంచి లెక్క అన్నది కాంట్రాక్టును బట్టి ఉంటుంది. ఈ కాలంలో తొలగిస్తే దాని మీద గ్రీవెన్స్, అంటే కాంట్రాక్టు కింద అధికారిక ఫిర్యాదు, వేసే హక్కు చాలా చోట్ల ఉండదు. అలాగని యూనియన్ మీకు అండగా ఉండదని కాదు. ఫోన్ చేస్తే పలుకుతారు, మీటింగ్‌కి వెంట వస్తారు, ఏం రాయాలో ఏం రాయకూడదో చెప్తారు.

చీఫ్ పైలట్ ఆఫీసు నుంచి ఒకసారి కలవగలరా అని మెసేజ్ వస్తే ముందు రెప్‌కి ఫోన్ చేయండి. అది అవిధేయత కాదు, అక్కడివాళ్లు కూడా తప్పుగా తీసుకోరు. యూనియన్ మనిషిని వెంట తెచ్చుకోవచ్చని చాలా కాంట్రాక్టుల్లోనే రాసి ఉంటుంది. మనవాళ్లు చేసే పని ఏమిటంటే, రాత్రికి రాత్రి కూర్చుని పెద్ద క్షమాపణ ఈమెయిల్ రాసేస్తారు. జరిగినదానికంటే ఎక్కువ తప్పు ఒప్పేసుకుంటారు. ఆ ఈమెయిల్ ఫైలులో శాశ్వతంగా ఉంటుంది. మర్యాదగా ఉండండి, అడిగినదానికి జవాబు చెప్పండి, అబద్ధం మాత్రం ఏ పరిస్థితిలోనూ చెప్పకండి. చిన్న పొరపాటును కంపెనీ క్షమిస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి చెప్పిన అబద్ధాన్ని యూనియన్ కూడా కాపాడలేదు.

విమానంలో పొరపాటు జరిగితే, అంటే ఎత్తు తప్పినా, టాక్సీవే తప్పినా, ఏశాప్ రిపోర్టు, అంటే పొరపాటును మీ అంతట మీరే తెలిపే భద్రతా నివేదిక, వెంటనే వేయండి. చాలా చోట్ల 24 గంటల్లోపు వేయాలి, మీ కంపెనీ గడువు మొదటి వారమే కనుక్కోండి. ఆ రిపోర్టులను ఎఫ్ఏఏ (ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ), కంపెనీ, యూనియన్ ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని చూస్తారు. జీతాల దగ్గర గొంతు చించుకుని పోట్లాడుకునే ఆ రెండు పక్షాలూ ఇక్కడ శిక్ష పక్కనపెట్టి కారణం వెతుకుతాయి. ఈ దేశపు విమానయానంలో నాకు అన్నిటికంటే గౌరవం ఉన్నది ఈ ఏర్పాటు మీదే. కావాలని చేసినవి, తాగి నడిపినవి లాంటివి మాత్రం దీని కిందకు రావు.

షెడ్యూలింగ్ ఫోన్

రిజర్వ్‌లో ఉండగా రాత్రిపూట క్రూ షెడ్యూలింగ్ నుంచి ఫోన్ వస్తుంది. చెప్పిన ట్రిప్ కాంట్రాక్టుకు విరుద్ధమని మీకు అనిపించవచ్చు. ఫోన్‌లో వాదించకండి. ఇది కాంట్రాక్టు ప్రకారం ఉందా అని ఒకసారి అడిగి, చెప్పినవారి పేరు, సమయం రాసుకుని ట్రిప్ చేయండి. తర్వాత గ్రీవెన్స్ వేయండి. ముందు పని, ఆ తర్వాత ఫిర్యాదు అన్నది ఇక్కడ పాత సూత్రం. గ్రీవెన్స్‌కి కాంట్రాక్టులో గడువు ఉంటుంది, అది దాటితే ఎంత న్యాయమున్నా పోయినట్టే.

ఈ సూత్రానికి మినహాయింపు భద్రత, చట్టం. అలసిపోయి ఉంటే ట్రిప్ తీసుకోకూడదు. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 కూలి 50 మంది చనిపోయారు. ఆ ఫస్ట్ ఆఫీసర్ ముందు రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది. ఆ కుటుంబాల పోరాటం వల్లనే ప్రయాణికుల విమానాలు నడిపే పైలట్ల అలసట మీద కొత్త నియమాలు 2014 జనవరిలో అమల్లోకి వచ్చాయి. డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు నిద్రకు వీలుండాలి. ప్రతి ఫ్లైట్‌కీ మీరు డ్యూటీకి తగిన స్థితిలో ఉన్నానని ధ్రువీకరిస్తారు. ప్రొబేషన్‌లో ఉన్నాను, ఫటీగ్ అంటే ఏమనుకుంటారో అనే టెన్షన్‌తో ఆ సంతకం చేయకండి. ఫటీగ్ అని చెప్పి, రిపోర్టు నింపి, రెప్‌కి తెలియజేయండి.

మన యాస, మన రంగు

ఎక్కువమంది కెప్టెన్లు మనతో బాగుంటారు. ఎప్పుడైనా ఒకరితో పడకపోతే ముందుగా ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ కమిటీకి చెప్పవచ్చు. పైలట్ల మధ్య గొడవను యాజమాన్యం దాకా పోకుండా తోటి పైలట్లే గోప్యంగా సర్దే కమిటీ అది. కానీ జాతి, మతం, పుట్టుక పట్టుకుని వేధిస్తే అది సర్దుబాటు చేసుకునే విషయం కాదు. హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఫెడరల్ సమాన అవకాశాల కమిషన్‌కి ఫిర్యాదు చేయడానికి 180 రోజుల గడువు, చాలా రాష్ట్రాల్లో 300 రోజులు.

యూనియన్ తెల్లవాళ్లదే, మనకోసం నిలబడదు అని ఎవరైనా అంటే వాళ్లకు స్టీల్ కేసు సంగతి చెప్పండి. అలబామాలో రైలు ఇంజన్ మీద పనిచేసే నల్లజాతి ఫైర్‌మన్‌ని అతని తరఫున మాట్లాడాల్సిన యూనియనే సభ్యుడిగా చేర్చుకోకుండా, మంచి పనులనుంచి తప్పించే ఒప్పందం కంపెనీతో చేసుకుంది. 1944లో సుప్రీంకోర్టు ఇదే రైల్వే లేబర్ యాక్ట్ కింద తీర్పు ఇచ్చింది. ఒక వృత్తి మొత్తానికి ప్రతినిధిగా ఉన్న యూనియన్ అందులో ప్రతి ఒక్కరికీ వివక్ష లేకుండా ప్రాతినిధ్యం ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఇవాళ మీ రెప్ మీ ఫోన్ ఎత్తడం వెనక ఆ మనిషి పోరాటం ఉంది.

సంక్రాంతి సెలవు

చివరగా అందరూ అడిగేది. సెలవుల బిడ్డింగ్ చాలా కంపెనీల్లో ముందు సంవత్సరం చివరి నెలల్లోనే అయిపోతుంది. క్రిస్మస్, జులై వారాలు సీనియర్లకే పోతాయి. జనవరి మధ్య వారాలు ఇక్కడివాళ్లు పెద్దగా కోరుకోరు కాబట్టి జూనియర్ నంబర్‌కి కూడా దొరికే అవకాశం ఉంది. బిడ్ విండో తెరిచే తేదీ రాసి పెట్టుకోండి. అది దాటాక చీఫ్ పైలట్‌ని అడిగి ప్రయోజనం లేదు, తోటి పైలట్లతో ట్రిప్ మార్చుకోవడం ఒక్కటే మార్గం. తిరుగు ప్రయాణం స్టాండ్‌బై టికెట్ (సీటు ఖాళీ ఉంటేనే ఎక్కనిచ్చేది) మీదైతే డ్యూటీకి కనీసం రెండు మూడు రోజుల ముందే హైదరాబాద్ నుంచి బయలుదేరండి. పండగ తర్వాత ఆ విమానాలు నిండి ఉంటాయి. సెలవు చివర్లో పెట్టే సిక్ కాల్‌ని కంపెనీ నిశితంగా చూస్తుంది.