సొర చేప ముక్కలోని పాదరసం వండినా పోదు

సొర చేప మాంసాన్ని ఎంత కడిగినా, ఉప్పు పట్టించి నానబెట్టినా, చర్మమూ కొవ్వూ తీసేసి వండినా అందులోని పాదరసం తగ్గదు. అది మిథైల్ మెర్క్యురీ రూపంలో కండలోని ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. రంగులో గానీ వాసనలో గానీ తేడా తెలియదు కాబట్టి, ముక్కలుగా కోసి అమ్మే చేపను కొనేటప్పుడే అది ఏ చేపో తప్పక అడగండి. నీటిలోని సూక్ష్మజీవుల వల్ల తయారయ్యే ఈ విషం నాచు నుంచి చిన్న చేపలకు, వాటిని తినే పెద్ద చేపలకు చేరుతూ, మెట్టు మెట్టుకూ చిక్కబడి, ఏళ్ల తరబడి బతికే సొర చేపలో చుట్టూ ఉన్న నీటిలోకన్నా లక్షల రెట్లు పేరుకుంటుంది. అందుకే గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు సొర, స్వోర్డ్‌ఫిష్, మార్లిన్ వంటి వేటాడే చేపలను పూర్తిగా మానుకోవాలి. గర్భం కోసం ఎదురుచూస్తున్నవారు కొన్ని నెలల ముందు నుంచే మానడం మంచిది, ఎందుకంటే ఒంట్లో చేరిన మిథైల్ మెర్క్యురీ సగానికి తగ్గడానికే సుమారు 50 రోజులు పడుతుంది. అయితే భయపడి చేపలనే వదిలేయడం, నా దృష్టిలో, పెద్ద పొరపాటు. బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన ఒమేగా-3 కొవ్వులు, పాదరసం చాలా తక్కువగా ఉండే కవళ్లు, నెత్తళ్లు వంటి చిన్న చేపల్లో పుష్కలంగా దొరుకుతాయి.