తేలికైన క్యాంపింగ్ టార్ప్‌ను ఇంట్లోనే కుట్టుకోవడం ఎలా?

టార్ప్ అంటే ఆరుబయట తాళ్లతో పైకప్పులా కట్టుకునే నలుచదరపు గుడ్డ, దాని అంచులకు తాళ్లు కట్టే కొన్ని లూపులు. గుడారానికి ఉన్నట్టు జిప్పులు, దోమతెరలు దీనికి ఉండవు. కుట్టు మిషన్ మీద దిండు గలీబు కుట్టడం వచ్చినవాళ్లు ఎవరైనా దీన్ని కుట్టేయగలరు. కష్టం రెండు చోట్లే ఉంది: చేతికి చిక్కకుండా జారిపోయే గుడ్డను అదుపులో పెట్టడం, గాలి లాగుడంతా పడే చోట్లను గట్టిపరచడం. గాలివానకు టార్ప్ చినిగితే నడిమధ్యలో చినగడం అరుదు, లూపు కుట్టిన చోటే పోతుంది. అందుకే ఇక్కడ కత్తిరింపు గురించి క్లుప్తంగా, అతుకు గురించీ మూలల గురించీ వివరంగా చెబుతాను.

ఏ గుడ్డ తీసుకోవాలి?

తేలికైన టార్ప్‌లకు ఎక్కువగా వాడేది సిలికాన్ పూత వేసిన రిప్‌స్టాప్ నైలాన్ (సిల్‌నైలాన్) లేదా అదే పూతతో వచ్చే పాలియెస్టర్ (సిల్‌పాలీ). రిప్‌స్టాప్ నేతలో కొద్ది కొద్ది దూరంలో మందమైన పోగులు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. చిరుగు మొదలైనా అవి దాన్ని అంత తొందరగా పాకనివ్వవు. నైలాన్ తడిస్తే సాగుతుంది, బిగించి కట్టిన టార్ప్ వానలో వదులైపోతుంది. పాలియెస్టర్ అంతగా సాగదు. మొదటిసారి కుట్టేవాళ్లకు నేను పాలియెస్టరే చెబుతాను. చదరపు మీటరుకు 40 నుంచి 50 గ్రాముల గుడ్డ సరిపోతుంది.

ఈ గుడ్డలు సాధారణంగా 1.5 మీటర్ల పన్నాతో వస్తాయి. 6.1 మీటర్లు కొని సగానికి కత్తిరించి రెండు ముక్కలను పక్కపక్కన కలిపితే, మడతలన్నీ పోను సుమారు 3 మీటర్ల పొడవు, 2.9 మీటర్ల వెడల్పు టార్ప్ వస్తుంది. ఇద్దరు, వాళ్ల సంచులు దాని కింద హాయిగా పడతాయి. బరువు గుడ్డ వరకు 400 గ్రాముల చిల్లర. మూలల పట్టీల కోసం ఇంకో అర మీటరు గుడ్డ కలిపి కొనండి.

ఇంకా కావలసినవి: నూరు శాతం పాలియెస్టర్ దారం (నూలు దారం తడికి కుళ్లిపోతుంది), 70 లేదా 80 నంబరు కొత్త సూదులు, 15 మిల్లీమీటర్ల వెడల్పున్న గట్టి నైలాన్ లేదా పాలియెస్టర్ టేపు రెండున్నర మీటర్లు, పొడవాటి స్కేలు, బట్టల క్లిప్పులు. గుండుసూదులు వద్దు. ఈ గుడ్డలో పడిన చిల్లు పూడదు, ప్రతి చిల్లూ నీటికి దారే.

ముందు తునకల మీద

అసలు గుడ్డ జోలికి వెళ్లేముందు తునకలు రెండు మూడు కుట్టి చూడండి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టండి. చిన్న కుట్లు గట్టిగా ఉంటాయని అనిపిస్తుంది గానీ, సూది పోట్లు దగ్గర దగ్గరగా పడితే గుడ్డ తపాలా బిళ్లల షీటులా ఆ గీత వెంటే చిరుగుతుంది. కుట్టు ముడతలు పడుతుంటే పైదారం టెన్షన్ కాస్త తగ్గించండి. సూది కింద గుడ్డ జారుతుంటే ఎడమ చేతిని మిషన్ ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే భాగం) వెనక, కుడి చేతిని ముందు ఉంచి గుడ్డను తిన్నగా పట్టుకోండి. వెనక నుంచి లాగకూడదు, లాగితే సూది వంగుతుంది. మిషన్ లాక్కుంటున్న వేగానికే చేతులు కదలాలి.

నడిమి అతుకు

టార్ప్‌కు వెన్నెముక ఇదే. వాన సూటిగా పడేదీ, తాడు బిగువు మోసేదీ ఇదే. అందుకని మామూలు అతుకు చాలదు, జీన్స్ ప్యాంటు కాళ్లకు పక్కన కనిపించే మడత అతుకు వేయాలి.

రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి పరిచి, కింది ముక్క అంచు ఒక సెంటీమీటరు బయటికి కనిపించేలా జరపండి. ప్రతి 20 సెంటీమీటర్లకు క్లిప్పు పెట్టండి. క్లిప్పులు రెండు కొసల నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తే, ఒక ముక్క సాగి చివర్లో మిగిలిపోయే బెడద ఉండదు. పై ముక్క అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలగా మొదటి కుట్టు వేయండి. ఆ తర్వాత బయటికి వచ్చిన కింది అంచును పై అంచు మీదుగా మడవండి, కత్తిరించిన పచ్చి అంచు లోపల దాక్కుంటుంది. రెండు ముక్కలనూ తెరిచి, ఆ మడతను ఒక పక్కకు పడుకోబెట్టి, మడత కొస వెంట రెండో కుట్టు వేయండి.

రెండో కుట్టుకు సగం టార్ప్ మిషన్ చేతి కింది సందులోంచి పోవాలి. దాన్ని చాపలా బిగుతుగా చుట్టి క్లిప్పులు పెట్టుకోండి. మిషన్‌కు ఎడమ పక్క, వెనక పక్క బల్లలో కుర్చీలో వేసి మిగతా గుడ్డ బరువు వాటి మీద ఆనేలా చూడండి. గుడ్డ కిందికి వేలాడితే ఆ బరువే కుట్టును వంకర చేస్తుంది. ఇస్త్రీ పెట్టె జోలికి పోవద్దు. మడతను గోటితో గీస్తే చాలు.

అతుకు పూర్తయ్యాక గుడ్డను నేల మీద పరిచి మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానంగా వస్తేనే చతురస్రం సరిగ్గా వచ్చినట్టు. తేడా ఉంటే ఇప్పుడే కత్తిరించి సరిచేయాలి.

మూలలు, అంచులు

పడుగు వెంట, పేక వెంట లాగితే గుడ్డ గట్టిగా నిలబడుతుంది. టైలర్లు క్రాస్ అనే ఐమూలగా లాగితే సాగుతుంది. టార్ప్ మూలను తాడు లాగేది సరిగ్గా ఆ ఐమూలకే. అందుకే మూలకు రెండో పొర తప్పదు.

మిగిలిన గుడ్డలోంచి 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో పావు వృత్తాలు నాలుగు, నడిమి అతుకు రెండు కొసలకూ అర వృత్తాలు రెండు కత్తిరించండి. త్రిభుజాలు వద్దు. లాగుడంతా త్రిభుజం మొనల దగ్గర పోగవుతుంది, వంపు అంచైతే దాన్ని పంచుతుంది. వాటిని టార్ప్ మూలల మీద, అతుకు కొసల మీద పరిచి, వంపు అంచును అర సెంటీమీటరు లోపలికి మడిచి ఒక వరస కుట్టండి. తిన్నటి అంచులను టార్ప్ అంచుతో కలిపి అలాగే వదిలేయండి, అవి బోర్డరు మడతలోకి వెళ్లిపోతాయి.

ఇక బోర్డరు. ముందు ఒక సెంటీమీటరు, మళ్లీ ఒకటిన్నర సెంటీమీటరు మడిచి లోపలి అంచు వెంట కుట్టుకుంటూ నాలుగు వైపులా రండి. మొదలులోనూ చివరలోనూ రివర్స్ కుట్టు మరవకండి.

లూపులు 16 కావాలి: నాలుగు మూలలు, అతుకు కొసలు రెండు, అతుకుకు సమాంతరంగా ఉన్న పొడవు అంచులకు మూడేసి, మిగతా రెండు అంచుల్లో అతుకుకూ మూలకూ మధ్యన ఒక్కొక్కటి. 12 సెంటీమీటర్ల టేపు ముక్క కొసలను మంటతో తడిమినట్టు కాల్చి, సగానికి మడిచి, 3 సెంటీమీటర్లు గుడ్డ మీద, 3 సెంటీమీటర్లు బయట ఉండేలా పెట్టండి. మూలల్లో లూపు 45 డిగ్రీల వాలులో, తాడు లాగే దిశకే చూడాలి. గుడ్డ మీది భాగం చుట్టూ చతురస్రంగా కుట్టి, లోపల ఇంటూ గుర్తులా మరో రెండు వరసలు వేయండి. ఒక్కో లూపుకూ తీరిగ్గా సమయం ఇవ్వండి. వేలు దూర్చి బలంగా గుంజి చూసి, కుట్టు కదలకపోతేనే తర్వాతిదానికి వెళ్లండి.

అంచులను లోపలికి వంపుగా, వేలాడే గొలుసు ఆకారంలో కత్తిరిస్తే గాలికి టార్ప్ తక్కువ కొట్టుకుంటుంది. కానీ తిన్నటి అంచుల టార్ప్‌నే ఎక్కువ రకాలుగా కట్టుకోవచ్చు. మొదటిదానికి తిన్నటివే ఉంచండి.

అతుకు పూడ్చడం

సిలికాన్ మీద సిలికానే అంటుకుంటుంది. రంగులేని సిలికాన్ సీలెంటును మినరల్ టర్పెంటైన్‌తో, బ్రష్‌కు తేలిగ్గా పారేంత పలచగా కలపండి. ఆరుబయట టార్ప్‌ను బిగించి కట్టి, నడిమి అతుకు మీదా, లూపుల కుట్ల మీదా పలచగా పూయండి. ఒక రోజంతా ఆరనిచ్చి, కొంచెం టాల్కం పౌడర్ రుద్దితే మడతలు ఒకదానికొకటి అంటుకోవు. మీరు కొన్నది పాలీయురేథేన్ పూత గుడ్డ అయితే దానికి ఆ రకం సీలరే వాడాలి.

వాడేటప్పుడు

నైలాన్ టార్ప్ అయితే పడుకునేముందు తాళ్లు మరోసారి బిగించండి. గాలి ఎక్కువుంటే టార్ప్‌ను నేలకు దగ్గరగా కట్టండి. నిప్పుకు మాత్రం దూరంగా ఉంచాలి. ఒక్క రవ్వ పడినా అక్కడ కరిగి చిల్లు పడుతుంది, కింద పొయ్యి వెలిగించే మాటే వద్దు. తడి టార్ప్‌ను సంచిలో పెట్టి రోజుల తరబడి వదిలేస్తే బూజు పడుతుంది, ఇల్లు చేరగానే ఆరేయండి. కత్తిరింపులో మిగిలిన గుడ్డ నుంచి అరచేతి వెడల్పు గుండ్రటి ముక్కలు రెండు మూడు, చిన్న సీలెంట్ ట్యూబు టార్ప్ సంచిలోనే పడేయండి. చిల్లు పడితే చోటు తుడిచి పొడిగా చేసి, ముక్కకు సీలెంట్ రాసి అతికించండి.