చంద్రగిరి రాజమహల్ నమూనా, 3వ పాఠం: షీటు కోత

కిందటి పాఠంలో మూడంతస్తుల గోడల కొలతలన్నీ 1:100 లెక్కకు దించుకున్నాం. ఈ లెక్కన అర మిల్లీమీటరు తేడా వస్తే అసలు కట్టడంలో 5 సెంటీమీటర్లు పోయినట్టే. కాబట్టి పెన్సిల్ పక్కన పెట్టండి, దాని గీతే అర మిల్లీమీటరు మందం. కొలత దగ్గర బ్లేడు మొనతో గుచ్చి, మొనను అందులోనే ఉంచి, స్టీలు స్కేలును జరిపి దానికి ఆనించండి.

మనకు కావలసింది 1 మి.మీ. మందం స్టైరీన్ షీటు, అంటే ఒకరకం గట్టి ప్లాస్టిక్ రేకు. తిరుపతిలో సైన్‌బోర్డుల షాపులో మిగులు ముక్కలు అడిగితే సన్‌బోర్డో యాక్రిలిక్కో చేతిలో పెడతారు. సన్‌బోర్డు నురుగు ప్లాస్టిక్ పలక, గాటు పెడితే విరగదు, అడుగుదాకా కోయాలి. యాక్రిలిక్‌కు కొక్కెం కట్టరు కావాలి.

స్టైరీన్‌ను మాత్రం కోయం, గాటు పెట్టి విరుస్తాం. మొదటిసారి కట్టరు బరువు తప్ప చేతి బలం వద్దు. ఆ సన్నటి గాడే తర్వాతి గాట్లకు దారి. అదే దారిలో ఇంకో నాలుగుసార్లు లాగి, గీతను బల్ల అంచు మీదికి తెచ్చి, గాటు తెరుచుకునేలా కిందికి వంచండి. టిక్కుమని విరగాలి. విరగకుండా వంగుతోందంటే ఇంకోసారి లాగండి, బలవంతం చేయొద్దు. మొదటి గాటుకే నొక్కితే బ్లేడు పక్కకు వంగి స్కేలు ఎక్కుతుంది, అక్కడ ఉండేది మీ వేలు. ఏప్రిల్, మేలో చెమట చేతికి స్కేలు జారుతుంది. దాని వెనక ఉప్పు కాగితం పట్టీలు రెండు అంటించుకోండి.

విరిచిన అంచును గోటితో తడమండి. సన్నటి గట్టు తగులుతుంది. బ్లేడు ప్లాస్టిక్‌ను తీసేయలేదు, పక్కలకు నెట్టింది, అంతే. దీన్ని వదిలేస్తే గోడల మూలలు అతకవు. బ్లేడును నిటారుగా నిలబెట్టి దాని వీపుతో రెండుసార్లు గీరితే పోతుంది. ముందే ఉప్పు కాగితం పట్టారంటే అంచు గుండ్రబడుతుంది. గీరాక 400 నంబరు కాగితాన్ని గాజుపలక మీద పరిచి, ముక్కను నిలువుగా పట్టి రుద్దండి.

కమానులకు విరుపు పనికిరాదు. గీతకు 1 మి.మీ. లోపలే వరసగా బెజ్జాలు వేసి, మధ్య సందులు కోసి, మిగిలింది గుండ్రటి ఆకురాయితో గీతదాకా తేవాలి. బెజ్జాలకు చేతి డ్రిల్లే వాడండి. స్టైరీన్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కరెంటు డ్రిల్లు వేడికి కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది.

వచ్చే పాఠానికి ముందు వృథా ముక్క మీద 10 మి.మీ. కమానులు మూడు కోసి చూడండి.