తలుపులు తీసే పెంపుడు జంతువులు – రెండో పాఠం: హ్యాండిల్ తలుపు

మీ పిల్లి గానీ కుక్క గానీ ఏ తలుపు తీస్తోంది, ఏ వేళలో తీస్తోంది, పంజాతోనా మూతితోనా, తీశాక అవతల దానికి ఏం దొరుకుతోంది అన్నది ఒక కాగితం మీద రాసుకోమని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఇది చదవండి. చివరి ప్రశ్నకు జవాబు ఇంకా దొరక్కపోతే మరో రెండు రోజులు గమనించి రండి. ఏం దొరుకుతోందో తెలియకుండా గడియలు బిగిస్తే డబ్బూ శ్రమా రెండూ దండగే.

ఈ పాఠం ఒకే రకం తలుపు గురించి: అడ్డంగా పొడుగ్గా ఉండి, కిందికి నొక్కితే తెరుచుకునే హ్యాండిల్ ఉన్నది. జంతువులు తీసే తలుపుల్లో ఎక్కువ భాగం ఇవే. గుండ్రటి నాబ్‌ని గట్టిగా పట్టుకుని తిప్పాలి, దానికి మనలాంటి బొటనవేలు కావాలి. పొడుగు హ్యాండిల్‌కి బరువు చాలు.

అది నేర్చుకున్నది ఏమిటి?

1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆకలిగా ఉన్న పిల్లుల్ని చెక్కపట్టీలతో చేసిన పెట్టెల్లో ఉంచి, బయట తిండి పెట్టి చూశాడు. ఒక పెట్టెకి తాడు లాగాలి, ఇంకోదానికి తీగ ఉచ్చును గుంజాలి, మరోదానికి గడియ నొక్కాలి. మొదటిసారి పిల్లి పట్టీల్ని కొరికింది, గీరింది, సందుల్లోంచి దూరబోయింది. ఆ పెనుగులాటలో ఎప్పుడో పంజా తగలాల్సిన చోట తగిలింది, తలుపు తెరుచుకుంది. మళ్ళీ మళ్ళీ అదే పెట్టెలో పెడుతూ పోతే బయటికి రావడానికి పట్టే సమయం తగ్గింది, కానీ ఎగుడుదిగుడుగా, మెల్లగా తగ్గింది. కిటుకు నిజంగా అర్థమై ఉంటే ఆ సమయం ఒక్కసారిగా పడిపోవాలి కదా అన్నది ఆయన వాదన. ఫలితం ఇచ్చిన కదలిక నిలబడుతుంది, ఇవ్వనిది రాలిపోతుంది. దీనికే ఫలిత నియమం అని పేరు.

మన తలుపు దగ్గర జరిగేదీ ఇదే. మీ పిల్లి మెదడులో తాళం బొమ్మ ఏదీ ఉండాల్సిన అవసరం లేదు. ఎగిరి ఆ కడ్డీకి వేలాడితే పని జరుగుతుందని తెలిస్తే చాలు. అందుకే ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది: ఒకసారి ఆపి ఇంకోసారి ఆపలేని గడియ, అసలు గడియ లేకపోవడం కన్నా చేటు. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

ముందు తలుపుని పరీక్షించండి

తలుపు మూసి, హ్యాండిల్‌ని ముట్టుకోకుండా, జంతువు నెట్టే ఎత్తులో, అంటే మీ మోకాలి దగ్గర, అరచేతితో గట్టిగా నెట్టండి. చాలా ఇళ్లలో ఇక్కడే గుట్టు బయటపడుతుంది. తలుపు మూసినట్టు కనిపిస్తుంది గానీ లోపలి నాలుక, అంటే తలుపు అంచులోంచి పొడుచుకొచ్చే లోహపు ముక్క, ద్వారబంధానికి బిగించిన రేకు రంధ్రంలోకి దిగదు. చెక్క ఉబ్బడం వల్లో, పైబందు స్క్రూలు వదులై తలుపు కిందికి జారడం వల్లో నాలుక రేకు అంచు మీదే ఆగిపోతుంది. అలాంటి తలుపు తీయడానికి తెలివి అక్కర్లేదు, భుజం చాలు.

రంధ్రం ఎక్కడుందో, నాలుక ఎక్కడ తగులుతోందో తెలియాలంటే నాలుకకి కొంచెం లిప్‌స్టిక్ గానీ సుద్ద గానీ పూసి తలుపు మూయండి. రేకు మీద పడిన మరకే చెబుతుంది. మరక రంధ్రానికి కింద పడితే పైబందు స్క్రూలు బిగించండి. అవి పట్టకుండా ఊరికే తిరుగుతుంటే వాటి స్థానంలో ఇంకా పొడుగైనవి వేయండి. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే అయితే రంధ్రాన్ని ఆకురాయితో కాస్త వెడల్పు చేస్తే సరిపోతుంది.

తర్వాత చూడాల్సింది తలుపు ఎటు తెరుచుకుంటుందన్నది. జంతువు ఉన్న వైపు నుంచి నెడితే తెరుచుకునే తలుపుకి ఒక్క కదలిక చాలు. పిల్లిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది: ఎగిరి రెండు ముందు పంజాలూ హ్యాండిల్ మీద వేస్తుంది, ఒళ్లంతా వేలాడుతుంది, హ్యాండిల్ కిందికి దిగుతుంది, ఆ ఊపులోనే వెనక కాళ్లు తలుపుని తన్నుతాయి. నొక్కడం, నెట్టడం రెండూ ఒకే క్షణంలో అయిపోతాయి. లాగాల్సిన వైపు నుంచైతే హ్యాండిల్ దించి, దాన్ని అలాగే దించి ఉంచుతూ తలుపుని తన వైపు రప్పించాలి, అప్పుడే అంచు సందులో పంజా పెట్టాలి. కొన్ని అదీ నేర్చుకుంటాయి, కానీ చాలా ఎక్కువ సమయం పడుతుంది. రెండు వైపుల్లో ఏది తేలికో చూసి కట్టుదిట్టం అక్కడ మొదలుపెట్టండి.

ఏం బిగించాలి

నాకు నచ్చిన క్రమం చెబుతాను. ముందు హ్యాండిల్‌నే తిప్పి బిగించి చూడండి. చాలా హ్యాండిళ్లలో లోపల చదరపు కడ్డీ ఉంటుంది, కాబట్టి విప్పి పావు చుట్టు తిప్పి, కొన పైకి ఉండేలా బిగించవచ్చు. అప్పుడు వేలాడితే పని జరగదు, పక్కకి తోయాలి. మనకి ఏ ఇబ్బందీ ఉండదు, జంతువు నేర్చుకున్న కదలిక మాత్రం వట్టిపోతుంది. అయితే స్ప్రింగ్ బలహీనంగా ఉంటే హ్యాండిల్ తన బరువుకి తానే వాలిపోతుంది. కొన్ని రకాల్లో స్ప్రింగ్ ఒకవైపే పనిచేస్తుంది. బిగించాక పదిసార్లు తీసి మూసి చూడండి.

అది కుదరకపోతే గుండ్రటి నాబ్. కానీ ఇంట్లో కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే దాని జోలికి వెళ్లొద్దు. జంతువుని ఆపబోయి మనిషిని ఆపినట్టవుతుంది. అప్పుడు చిన్నపిల్లల కోసం అమ్మే హ్యాండిల్ లాక్ గానీ, తలుపు పైభాగాన చిన్న గడియ గానీ మేలు. గడియ పెట్టేటప్పుడు ఒక్క షరతు: మనుషులు పడుకునే గదికి బయట గడియ పెట్టకండి. నిప్పో పొగో వస్తే లోపలివాళ్లు తలుపు తీసుకుని బయటపడగలగాలి. ఈ విషయంలో రాజీ వద్దు.

స్లైడింగ్ తలుపు అయితే కింది గాడిలో సరైన కొలతకు కోసిన కర్ర పడేస్తే పని అయిపోతుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

మొదటి వారం ఎలా ఉంటుంది

ఇక్కడే చాలామంది ఓడిపోతారు. తలుపు తెరుచుకోవడం ఆగిన మరుక్షణం జంతువు మానేయదు. ముందు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. మరిన్నిసార్లు ఎగురుతుంది, గీరుతుంది, అరుస్తుంది, రాత్రి రెండింటికి మొదలుపెడుతుంది. ఇన్నాళ్లు పనిచేసింది ఇప్పుడెందుకు చేయట్లేదని దాని గోల. ఇది చూసి తాళం పనిచేయలేదనుకోకండి, పనిచేస్తోందనడానికి ఇదే గుర్తు.

ఈ గోల భరించలేక మూడో రాత్రి లేచి మీరే తలుపు తీశారనుకోండి. అప్పుడు జంతువు నేర్చుకునేది గంటసేపు అరిస్తే తలుపు తెరుచుకుంటుందని. ప్రతిసారీ దొరికే ఫలితం కన్నా అప్పుడప్పుడూ దొరికే ఫలితం అలవాటుని మొండిగా మారుస్తుంది. స్కిన్నర్, ఫెర్‌స్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1957లో ప్రచురించిన ప్రయోగాల్లో పావురాల మీద దీన్ని విస్తారంగా చూపించారు. సగం పనిచేసే గడియ చేటని పైన అన్నది ఇందుకే. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఒక్కరు జాలిపడి తీసినా మిగతావాళ్ల వారం రోజుల కష్టం పోతుంది.

అరవడం, నీళ్లు చిమ్మడం వద్దు. అవి నేర్పేది మీరు చూస్తుండగా తీయకూడదని మాత్రమే.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. మీరు బయటికి వెళ్లినప్పుడు మాత్రమే కుక్క తలుపు మీద పడుతుంటే, చొంగ కార్చుకుంటూ, గోళ్లు విరిగేలా గీరుతుంటే, అది తెలివితో చేస్తున్న పని కాదు, భయం. ఒంటరిగా ఉండలేని కుక్కని ఇంకా గట్టి గడియ వెనక పెడితే పళ్లు, గోళ్లు పోగొట్టుకుంటుంది. ఈ పాఠాన్ని అక్కడే ఆపి పశువైద్యుల్ని కలవండి. దీనికి చికిత్స ఉంది.

మిగతా జంతువులకి, తలుపు అవతల దొరికేది ఇవతలే దొరికేలా చూడాలి. మీ కాగితం పనికొచ్చేది ఇప్పుడే. కుళాయి నీళ్ల కోసం బాత్రూమ్‌లోకి వెళ్లే పిల్లికి హాల్లో పారే నీళ్ల గిన్నె పెట్టండి. మనుషుల కోసం వచ్చే కుక్కకి తలుపు ముందు చాప వేసి, దాని మీద కూర్చుంటే మీరు వచ్చి పలకరిస్తారని నేర్పండి. మొదట రెండు సెకన్లు కూర్చున్నా వెంటనే తలుపు తీసి మెచ్చుకోండి, తర్వాత అయిదు, తర్వాత ఇరవై. రోజుకి రెండు పూటలా అయిదేసి నిమిషాలు చాలు. హ్యాండిల్ మీదికి ఎగిరితే ఏమీ జరగదు, చాప మీద కూర్చుంటే మనిషి వస్తాడు. థార్న్‌డైక్ పెట్టెలో పనిచేసిన నియమమే ఇప్పుడు మీ తరఫున పనిచేస్తుంది.

ఈ వారం పని

ఒక్క తలుపే ఎంచుకోండి. మోకాలి ఎత్తు పరీక్ష, నాలుక మరక పరీక్ష చేసి సరిచేయండి. హ్యాండిల్‌కి మార్పు ఒక్కటే చేయండి. రెండు మూడు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఎన్నిసార్లు ప్రయత్నించిందో రోజూ గీతలు గీసి పెట్టుకోండి. మొదట్లో గీతలు పెరిగితే కంగారు పడకండి. అయిదారు రోజులైనా తగ్గుముఖం పట్టకపోతే ఎక్కడో ఎవరో తలుపు తీస్తున్నారు, లేదా నాలుక ఒక్కోసారి జారుతోంది. మళ్ళీ మొదటి పరీక్షకి వెళ్లండి.

మూడో పాఠం అల్మరాలు, ఫ్రిజ్, పక్షుల పంజరాల గురించి. పంజరం పాఠం కొంచెం పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే గోఫిన్ కాకటూలనే చిలుక జాతి పక్షుల్లో ఒకటి వరసగా అయిదు రకాల తాళాలు విప్పి లోపలి గింజ తీసుకున్న సంగతి 2013లో ప్రచురితమైంది. ఈలోగా మీ ఇంట్లో చిలుక ఉండి పంజరం గడియ తీస్తుంటే, మామూలు స్ప్రింగ్ క్లిప్ తీసేసి మర బిగించే రకం స్టెయిన్‌లెస్ స్టీల్ కొక్కెం పెట్టండి. జింకు పూత ఉన్నది కొనకండి. చిలుకలు లోహాన్ని కొరుకుతూనే ఉంటాయి, జింకు వాటికి విషం.