చిర్రుబుర్రులాడటం అనే మాట ఎక్కడ ఎలా వాడాలి

మా పాప పుట్టి పెరిగింది బెంగళూరులోనే, ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ కోపానికి సంబంధించి దానికి తెలిసింది ఒక్కటే మాట, చిరాకు. ఆకలేసినా చిరాకే, అన్న రిమోట్ లాక్కున్నా చిరాకే, సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో గంట ఇరుక్కున్నా చిరాకే. మిగతా మాటలన్నీ పిల్లల నోట్లో లేకుండా పోతాయేమోనని నాకు నిజంగా బెంగ, అందుకే ముందు చిర్రుబుర్రులాడటం అనే ఈ ఒక్క మాట గురించి రాస్తున్నా.

చిరాకు లోపల ఉండేది. "నాకు చిరాగ్గా ఉంది" అంటాం కదా. చిర్రుబుర్రు అలా కాదు, అది బయటికి వచ్చేది, ఎదుటివాళ్ళకి వినపడేది. "నాకు చిర్రుబుర్రుగా ఉంది" అని ఎవరూ అనరు, "నేను చిర్రుబుర్రులాడాను" అనాల్సిందే. కళకళలాడు, చిటపటలాడు లాగా దీనికీ చివర్లో లాడు రావాలి. చిర్రు అంటే కోపం, చిర్రెత్తుకొచ్చింది అంటాం చూడండి అదే, బుర్రు దానికి జతగా వచ్చింది, తలకాయ బుర్రతో సంబంధం లేదు.

ఎప్పుడు వాడాలంటే, మా ఆయన అవుటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ అంతా ఈదుకుంటూ ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా "ఈ బ్యాగు ఇక్కడెవరు పెట్టారు, మంచినీళ్ళ బాటిల్ ఏది" అని అందరి మీదా విసుక్కుంటారు, అసలు కోపం బ్యాగు మీద కాదు, అదీ చిర్రుబుర్రులాడటం అంటే. కారణం చిన్నది, పడేది దగ్గరివాళ్ళ మీద, కాసేపట్లో పోతుంది.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం, న్యాయమైన కోపానికి ఈ మాట వాడొద్దు. ఇల్లు ఖాళీ చేశాక ఓనర్ అడ్వాన్స్ తిరిగివ్వకపోతే గట్టిగా అడిగిన మనిషిని "ఊరికే చిర్రుబుర్రులాడుతోంది" అంటే ఆ కోపాన్ని తేలిక చేసినట్టే, ఆడవాళ్ళ విషయంలో ఇది ఎక్కువ జరుగుతుంది, నాకూ జరిగింది, చాలా బాధేసింది. పెద్దవాళ్ళ మొహం మీద కూడా అనకూడదు, "మామయ్యగారు పొద్దున్నుంచీ కాస్త చిరాగ్గా ఉన్నారు" అంటే సరిపోతుంది.

అలకతో కలపకండి. అలిగినవాళ్ళు మాట్లాడరు, ఎవరో ఒకరు వచ్చి బతిమాలాలి, పెళ్ళిలో అలకపాన్పు మీద కూర్చున్న అల్లుడికి అత్తమామలు ఏదో ఒకటి ఇచ్చి లేపేది అందుకే. చిర్రుబుర్రులాడేవాళ్ళని బతిమాలక్కర్లేదు, కాస్త అన్నం పెట్టి వదిలేస్తే చాలు. క్యారమ్స్‌లో ఓడి బోర్డు తోసేసేవాడు ఉడుకుమోతు, విసవిసా లేచి వెళ్ళిపోతుంటే రుసరుసలాడటం, ఇంకాస్త ఘాటైతే కస్సుబుస్సు.

కన్నడ వాళ్ళకి చెప్పాలంటే సిడిమిడి అనండి, చాలా దగ్గర మాట, వెంటనే అర్థమవుతుంది. అలకకైతే వాళ్ళ దగ్గర మునిసు ఉంది.